గట్టిమనిషి

తెరమీద నల్లజాతి ఆడమనిషి కనబడితే నేను ముందు ఆమె చేతులు చూస్తాను. మొహం దర్శకుడు చెప్పినట్టు నవ్వుద్ది, చెప్పినట్టు ఏడుస్తది. చేతులకి అంత నటన రాదు. దొరసాని నడుం సన్నగా కనపడాలని వెనక నిలబడి తాళ్ళు బిగించి లాగే చేతులు. మొగుడి గడ్డం గీయటానికి మంగలికత్తి నూరే చేతులు. మేయరు మొహం మీద పడ్డ పిడికిలి. నీలిమందు తొట్లలో నానీ నానీ, బానిసత్వం రద్దయిన ఎన్నో ఏళ్ళకి కూడా నీలంగానే మిగిలిపోయిన ముసలి చేతులు.

ఈ చేతులు నాకు కొత్త కాదు. మా అమ్మ చేతులు పొగాకు జిగురుతో నల్లగా ఉండేవి. మా నాయనమ్మ చేతులు లందలో తోళ్ళు నానేసీ పిసికీ తంగేడు చెక్క రంగుకి తిరిగినయ్. ఎంత తోమినా ఆ రంగు పోయేది కాదు.

అమెరికా నల్లజాతి స్త్రీల మీద వచ్చిన సినిమాలు ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. చూసిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న. ఈమె ఇట్టా ఎందుకుంది? ఇంత గట్టిగా, ఇంత గయ్యాళిగా, ఇంత ఓర్పుగా, లేకపోతే ఇంత మౌనంగా ఎందుకుంది? హాలీవుడ్డు చాలాకాలం ఒకటే జవాబు చెప్పింది. వాళ్ళు పుట్టుకతోనే అంత. మా ఊళ్ళోనూ అదే జవాబు. "వాళ్ళ కులగుణం అంతేలే" అనేవాళ్ళు. పుట్టుక అనే మాట వినపడ్డ చోటల్లా దాని కింద ఏదో ఒక వెట్టి, ఏదో ఒక దెబ్బ, ఏదో ఒక చట్టం దాచిపెట్టి ఉంటుందని నా అనుభవం.

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండే ఊరు. పండేది వర్జీనియా పొగాకు. ఆ వర్జీనియా ఎక్కడుందో మాకు తెలీదు. అక్కడ ఆ పొగాకు చేలల్లో ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసలు చచ్చేదాకా పని చేశారని అసలే తెలీదు. మాకు తెలిసింది బ్యారన్ వేడి, ఆకు జిగురు, సాయంత్రానికి అన్నం ముద్ద కూడా చేదెక్కే చేతులు. నేను కడుపులో ఉన్నప్పుడు నిండు నెలల్లో కూడా అమ్మ ఆకు మోసింది. "ఇది మనిషి కాదురా, ఎద్దు" అని ఆసామి నలుగురిలో అనేవాడు. అది మెచ్చుకోలని ఆయన ఉద్దేశం. ఊరంతా మా అమ్మని గట్టిమనిషి అనేది.

తమ్ముడు పుట్టినప్పుడు పట్నంలో ఒక ఆసుపత్రిలో మత్తుసూది వెయ్యకుండానే అమ్మకి కుట్లు వేశారు. అరవబోతే "మీవాళ్ళకి ఇదొక లెక్కా, ఊరుకో" అన్నారు. పళ్ళబిగువున ఊరుకుంది. ఊరుకున్నందుకు మళ్ళీ అదే బిరుదు. గట్టిమనిషి.

తర్వాత చాలా ఏళ్ళకి అమెరికా చరిత్ర చదువుతుంటే మారియన్ సిమ్స్ అనే డాక్టరు తగిలాడు. 1840లలో అలబామాలో అనార్చా, బెట్సీ, లూసీ అనే బానిస ఆడవాళ్ళ మీద మత్తు లేకుండా మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు చేసి, స్త్రీల వైద్యానికి పితామహుడు అనిపించుకున్నాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉన్న ఆయన విగ్రహాన్ని 2018లో గానీ తీసెయ్యలేదు. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు తెల్ల వైద్య విద్యార్థుల్నీ, జూనియర్ డాక్టర్లనీ అడిగి చూస్తే, నల్లవాళ్ళ శరీరం గురించిన తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒకటన్నా నిజమేనని దాదాపు సగంమంది అన్నారు. నల్లవాళ్ళ తోలు మందం అనేది అందులో ఒకటి. తోలుపని చేసే ఇంట్లో పుట్టినదాన్ని, తోలు మందం అనే మాటకి అర్థం నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందుకే సినిమాలో నల్లామె గట్టితనం నాకు ఉత్త కథ కాదు. తెరమీది ఆ బొమ్మ నడుచుకుంటూ ఆసుపత్రిలోకి కూడా వస్తది. సూది వెయ్యొద్దని చెప్తది.

'గాన్ విత్ ది విండ్' నేను హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో చూశాను. 1939 సినిమా. హాలంతా హీరోయిన్ గౌన్లనీ హీరో మీసాల్నీ చూస్తోంది. నేను లావుపాటి నల్లామెని చూస్తున్నాను. ఆమెని అందరూ మామీ అంటారు. అది పేరు కాదు, ఆమె చేసే పని. నాలుగు గంటల దాకా సాగే సినిమాలో ఆమె సొంత పేరేందో ఒక్కరూ అడగరు. మొగుడున్నాడా, బిడ్డలున్నారా, రాత్రి ఎక్కడ పడుకుంటది, ఏమీ తెలీదు. దొరసాని కూతుర్ని అదిలిస్తది, కసురుకుంటది, ఇల్లంతా తనదే అన్నట్టు తిరుగుద్ది. హాల్లో వాళ్ళకి ఆమె గడుసుదనం భలే నవ్వొచ్చింది. ఆ గడుసుదనం దొరసాని మేలు కోసం అయినంతసేపే చెల్లుద్దని నాకు తెలుసు. మా అమ్మ కూడా ఆసామి పిల్లల్ని అట్టాగే కసిరేది. తన బిడ్డకి కూలి డబ్బులు అడిగేటప్పుడు మాత్రం ఆ గొంతు ఎక్కడికి పోయేదో!

ఆ వేషం వేసిన హాటీ మెక్‌డేనియల్ కథ సినిమాకంటే పెద్దది. ఆమె తండ్రి బానిసగా పుట్టి, అమెరికా అంతర్యుద్ధంలో నల్ల సైనికుడిగా పోరాడినవాడు. 1939 డిసెంబరులో అట్లాంటాలో ఆ సినిమా మొదటి ఆట వేస్తే, జార్జియాలో రంగుల వివక్ష చట్టాల మూలంగా ఆమె పోవటానికి లేకపోయింది. 1940 ఫిబ్రవరి 29న ఆస్కార్ బహుమతి తీసుకుంది. ఆస్కార్ అందుకున్న మొదటి నల్లమనిషి ఆమె. ఆ రాత్రి లాస్ ఏంజిల్స్‌లోని అంబాసిడర్ హోటల్లో తోటి నటులతో కాకుండా గోడవారగా వేసిన వేరే బల్ల దగ్గర కూచోబెట్టారు. 1952లో చనిపోయేముందు తనని హాలీవుడ్ శ్మశానంలో పూడ్చమని కోరితే, నల్లవాళ్ళకి చోటు లేదన్నారు. బహుమతి ఇచ్చారు, బంతిలో చోటు ఇవ్వలేదు. చచ్చాక గుంట కూడా ఇవ్వలేదు. ఊరికి దూరంగా వేరే బొందలగడ్డ ఉన్నవాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

మామీకి అక్క ఒకామె ఉంది. 1934లో వచ్చిన 'ఇమిటేషన్ ఆఫ్ లైఫ్'లో డిలైలా. లూయీస్ బీవర్స్ వేసింది. ఈమె చేతి అట్ల రుచితో తెల్లామె వ్యాపారం పెట్టి కోటీశ్వరురాలైద్ది. నూటికి ఇరవై వాటా ఇస్తాను, సొంత ఇల్లు కట్టుకో అంటే, నాకొద్దమ్మా, మీ కాళ్ళదగ్గరే పడుంటానంటది డిలైలా. ఈ వాటా వద్దనే నల్లామెని ఎవరు పుట్టించారు? నూటికి ఇరవై ఇవ్వటానికి మనసొప్పని వాళ్ళే పుట్టించారు. అందులో డిలైలా కూతురు పియోలా చూడటానికి తెల్లపిల్లలా ఉంటది. తెల్లదాన్నని చెప్పుకుని బతకటానికి కన్నతల్లినే ఎవరో తెలీదంటది. ఆ వేషం వేసిన ఫ్రెడీ వాషింగ్టన్ నిజ జీవితంలోనూ అంత తెల్లగా ఉండేది. తెల్లదాన్నని చెప్పుకుంటే మంచి వేషాలు వచ్చేవి. ఆమె చెప్పుకోలేదు. నల్లదాన్నేనని నిలబడి నల్ల నటుల సంఘం పెట్టినవాళ్ళలో ఒకరైంది. 1959లో అదే కథ మళ్ళీ తీసినప్పుడు ఆ కూతురు వేషం నల్లజాతి కాని నటికి ఇచ్చారు.

పియోలాని తిట్టటం తేలిక. నేను తిట్టను. మా హాస్టల్లో ఒక పిల్ల ఉండేది. ఊరి పేరు అడిగితే పక్క ఊరి పేరు చెప్పేది. వాళ్ళమ్మ చూడటానికి వస్తే, మా ఊరి మనిషి, వడియాలు తెచ్చింది అని చెప్పింది. ఆ తల్లి గేటు దగ్గరే మూట ఇచ్చి, "అవునమ్మా, ఊరి మనిషినే" అని వెళ్ళిపోయింది. రంగు దాచటం పియోలాకి ఎంత కష్టమో, ఇంటిపేరు దాచటం ఆ పిల్లకి అంత కష్టం. తల్లిని మాయం చేస్తేగానీ కూతురికి కుర్చీ వెయ్యని లోకానిది ఆ పాపం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాళ్ళూ మేమూ ఒకటే అని నేననను. వాళ్ళని ఓడల్లో తెచ్చారు, సంతలో అమ్మారు. భాష పోయింది, పేర్లు పోయినయ్. మమ్మల్ని ఎక్కడికీ తేలేదు, ఉన్న ఊళ్ళోనే ఊరవతల పెట్టారు. వర్జీనియాలో 1662లోనే చట్టం చేశారు, బిడ్డకి తల్లి స్థితే వస్తుందని. తల్లి బానిసైతే బిడ్డ బానిస, తండ్రి ఎవడైనా సరే. దొర చెరిచి బిడ్డని కంటే దొర ఆస్తే పెరిగేది. కన్న బిడ్డ తనది కాకపోవటం, దొర బిడ్డకి చన్నిచ్చి పెంచటం, రెండూ ఒకే ఆడదాని బతుకులో జరిగినయ్. అందులోంచి పుట్టిన మనిషిని తెచ్చి తెరమీద పెట్టి, ఎంత ప్రేమో చూడండి మా పిల్లలంటే, అని చూపించారు. మామీ అంటే అదీ.

అయితే బానిసత్వం ఒక్కటే వాళ్ళ సంస్కృతి కాదు. దెబ్బ తిన్నవాళ్ళు దెబ్బలోంచి తాము చేసుకున్నది ఇంకోటి ఉంది. పాట ఉంది. పాత గుడ్డముక్కలు కలిపి కుట్టే బొంత ఉంది. చర్చి ఉంది. ఒకరి తల ఒకరు దువ్వి జడలల్లుకునే సాయంత్రాలున్నయ్. సినిమాల్లోకి ఇది రావటానికి చాలాకాలం పట్టింది.

ఆలిస్ వాకర్ 1982లో రాసిన 'ది కలర్ పర్పుల్' నవల 1985లో సినిమాగా వచ్చింది. నా ఉద్యోగం కుదుటపడ్డాక కంప్యూటర్‌లో సీడీ వేసి మా అమ్మకి చూపించాను. అమ్మకి ఇంగ్లీషు రాదు. నేను పక్కన కూచుని చెప్తున్నా. కాసేపటికి, "నువ్వు నోరుమూసుకోవే, నాకు అర్థమైతంది" అంది.

సీలీ అనే పిల్ల నవ్వొస్తే చేత్తో నోరు మూసుకుంటది. షుగ్ అనే పాటగత్తె అద్దం ముందు నిలబెట్టి ఆ చెయ్యి లాగేస్తది. అమ్మ అక్కడ ఆపమంది. "మేం కూడా అంతే గదే. ఆసాముల ముందు నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకోవాల. పళ్ళు కనపడితే పొగరు." సీలీ సిగ్గరి కాదు. ఆమె నవ్వితే సహించని ఇంట్లో పెరిగింది. ఆ చెయ్యి లాగటానికి షుగ్‌కి ధైర్యం ఎక్కడిది? ఆమె పాడే బ్లూస్ పాటలోంచి వచ్చింది. ఆ పాటల్లో నల్ల ఆడది తన ఒళ్ళు గురించి, తన ఇష్టం గురించి, వదిలేసిపోయిన మొగాడి గురించి సిగ్గుపడకుండా చెప్పుకునేది. పెద్దమనుషులు తప్పన్న ఆ పాటే ఒక మనిషిని నిలబెట్టింది.

ఇంక సోఫియా. ఆప్రా విన్‌ఫ్రే వేసింది. మేయరు భార్య ఆమె పిల్లలు శుభ్రంగా ఉన్నారని మురిసి, మా ఇంట్లో పనికొస్తావా అంటది. చచ్చినా రానంటది సోఫియా. మేయరు కొడితే తిరిగి కొడతది. అంతే. తల పగులుద్ది, కన్ను పోద్ది, జైలు. చివరికి వద్దన్న ఆ ఇంట్లోనే పనిమనిషి. ఏళ్ళ తర్వాత క్రిస్మస్ నాడు బిడ్డల్ని చూడటానికి తీసుకొస్తది దొరసాని. కారు వెనక్కి తిప్పటం రాక, సాయానికొచ్చిన నల్ల మొగాళ్ళని చూసి బెదిరి, నన్ను ఇంటికి తీసకపొమ్మంటది. బిడ్డల మొహాలు సరిగా చూడకుండానే సోఫియా వెనక్కి పోద్ది.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మాది బాప్టిస్టు ఇల్లు. 1878లో ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది మాదిగలు బాప్తిస్మం తీసుకున్న కాలం నుంచీ మాకు ఏడాదికి ఒక్కటే పండగ. ఆ పండగ పూట కూడా ఆసామి ఇంటినుంచి కబురొచ్చేది, చుట్టాలొచ్చారు అంట్లు పడున్నయ్ అని. కొత్త చీర విప్పి పాతది చుట్టుకుని పోయేది అమ్మ. "కారు లేకపోయినా అంతేలే" అంది చివరికి.

సోఫియా గట్టిమనిషే. కానీ ఆ సినిమా ఆ గట్టితనానికి పడ్డ ఖరీదు కూడా చూపించింది. అందుకే ఆమె నాకు మనిషిలా కనబడింది. మొగుడు హార్పో మంచివాడే, పెళ్ళాన్ని కొట్టమని తండ్రి నేర్పుతాడు. ఆ తండ్రికి వాళ్ళ నాయన నేర్పాడు. నల్ల మొగాళ్ళని చెడ్డగా చూపించారని అప్పట్లో నల్లజాతి సంఘాల్లోంచే నిరసన వచ్చింది. పదకొండు ఆస్కార్ నామినేషన్లు వచ్చి ఒక్క బహుమతీ రాలేదు. ఆ నిరసన చదివినప్పుడు 1990లలో మా సభలు గుర్తొచ్చినయ్. వేదిక మీద మేము ఆసామి కొట్టిన దెబ్బ చెప్తే చప్పట్లు. ఇంట్లో తిన్న దెబ్బ చెప్తే, "ఇప్పుడెందుకమ్మా, శత్రువుకి అలుసైపోతాం" అనేవాళ్ళు అన్నలు. అన్నల భయం అబద్ధం కాదు. మా వీపు మీది వాతలూ అబద్ధం కాదు.

జూలీ డాష్ 1991లో తీసిన 'డాటర్స్ ఆఫ్ ది డస్ట్' ఇంకో దారి పట్టింది. నల్లజాతి స్త్రీ తీసిన సినిమా అమెరికా అంతటా హాళ్ళలో విడుదలవటం అదే మొదలు. కథ 1902లో, జార్జియా, దక్షిణ కరొలైనా తీరం పక్క దీవుల్లో నడుస్తది. ఆ దీవుల గల్లా జనం ఆఫ్రికా మాటా, తిండీ, నమ్మకాలూ చాలావరకు నిలుపుకున్నారు. కుటుంబం ఉత్తరాదికి వలసపోబోతోంది. ముసలావిడ నానా రానంటది. నీలిమందు పనిలో నీలమైన చేతులు ఆమెవే. నీలిమందు మన కడప, నెల్లూరు సీమల్లోనూ పండించారు, ఆ తొట్ల కంపు మనవాళ్ళకీ తెలుసు. చివర్లో ఆమె తన తాయెత్తుని బైబిలుకి కట్టి, పోయేవాళ్ళందర్నీ ముద్దుపెట్టుకోమంటది. కొందరు పెట్టుకుంటారు. ఒక కోడలు ఛీ అంటది. మా నాయనమ్మ ఆదివారం చర్చిలో కూచునేది, పిల్లలకి జ్వరమొస్తే పోలేరమ్మకి మొక్కేది. పాస్టరుగారు కోప్పడితే నవ్వేది. అది మూఢత్వమని చదువుకున్న మావాళ్ళు చిన్నబుచ్చుకునేవాళ్ళు. ఏ ఒక్క చేతినీ వదలకుండా పట్టుకుని బతకటం అది. ఆ సినిమాలో ఆడవాళ్ళు వాదించుకుంటారు, అలుగుతారు, ఊరికే ఇసుకలో కూచుంటారు. అంతమంది నల్ల ఆడవాళ్ళు ఏ ఇంటి పనీ చెయ్యకుండా తెరమీద కూచోటం నేను అంతకుముందు చూడలేదు.

కాలం మారిందంటారు. 2011లో 'ది హెల్ప్' వచ్చింది. అందులో పనిమనిషి వేషానికి ఆక్టేవియా స్పెన్సర్‌కి 2012లో ఆస్కార్ ఇచ్చారు. హాటీకి ఇచ్చి అప్పటికి 72 ఏళ్ళు. నటనకి వంక లేదు. కానీ పనిమనుషుల కథని రాసి పేరు తెచ్చుకునేది ఆ కథలో తెల్లపిల్లే. అదే సినిమాలో ముఖ్య వేషం వేసిన వయొలా డేవిస్, అందులో వినపడాల్సింది ఆ పనిమనుషుల గొంతు, అది వినపడలేదని 2018లో బాహాటంగా చెప్పింది.

2016లో 'హిడెన్ ఫిగర్స్'. అంతరిక్ష లెక్కలు వేసిన కేథరిన్ జాన్సన్ కథ. సినిమాలో ఆమె నల్ల ఆడవాళ్ళ మరుగుదొడ్డి కోసం వానలో పరిగెత్తుద్ది. చివరికి తెల్ల అధికారి సుత్తి తీసుకుని ఆ బోర్డు పగలగొడతాడు. హాల్లో చప్పట్లు. అసలు కేథరిన్ అట్టా పరిగెత్తలేదు. బోర్డులు పట్టించుకోకుండా దగ్గరున్న దొడ్డికే దర్జాగా పోయేది. బోర్డు పగలగొట్టిన అధికారి కల్పితం. ఆమె మొండితనం ఆమెదే, ఆమె పెరిగిన ఇంట్లోంచీ, నల్ల బడుల్లోంచీ, నల్ల కాలేజీలోంచీ వచ్చింది. సినిమా దాన్ని ఆమె చేతుల్లోంచి తీసి ఒక తెల్ల దయామయుడి చేతిలో సుత్తిగా పెట్టింది. బరువు మోసే గట్టితనమైతే అది మా పుట్టుక. కాదనే గట్టితనమైతే అది ఇంకొకరి దయ. ఈ లెక్క మన తెలుగు సినిమాల్లోనూ అంతే. మా వాడ బాగుపడాలంటే ఊళ్ళోంచి ఒక హీరో రావాల్సిందే.

ఇప్పుడు అమ్మకి మోకాళ్ళు లేవటం లేదు. నడుం వంగిపోయింది. ఊరినుంచి వచ్చినవాళ్ళు, "ఎంత గట్టిమనిషివి పెద్దమ్మా, ఇట్టా అయిపోయావేంది" అంటే విసుక్కుంటది. "గట్టీ లేదు గిట్టీ లేదు. తప్పక చేశా" అంటది. నేను చదివిన పుస్తకాల్లో ఈ ముక్క ఇంత తేలిగ్గా చెప్పినవాళ్ళు లేరు.

నల్లజాతి స్త్రీ గురించి ఎవరన్నా మంచి సినిమా తీశామంటే నేనడిగేవి కొన్నే. ఆమెకి పేరుందా? ఆమె ఇల్లు చూపించారా? జ్వరమొస్తే పడుకుంటదా, పడుకుంటే మంచినీళ్ళు ఎవరిస్తారు? ఆమెకి భయమేస్తదా, చాతకాదని అంటదా? అన్నప్పుడు ఆమె పక్కనున్న మనిషి సరేలే అంటాడా, లేక నువ్వు గట్టిదానివి, లే, అంటాడా? ఇవే ప్రశ్నలు మా ఆడవాళ్ళ కథలు రాసేవాళ్ళకి కూడా. రాసేది బయటివాళ్ళయినా సరే, మావాళ్ళయినా సరే.